ఉప్పు మోసిన బండి: తుప్పు పట్టిన ఫోర్‌వీల్ పికప్‌ను ఏ వరసలో బాగుచేయాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా మావయ్య కొబ్బరితోటలో ఉన్న రేకుల షెడ్డు ఆ గాలికి లేచి, కింద నిలబెట్టిన పికప్ మీదే కూలింది. పడిపోయిన చెట్ల లెక్క తేలడానికే నెలలు పట్టిన ఊళ్ళో పాత బండి సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాలుగు వానాకాలాలు అది ఆ రేకుల కిందే ఉండిపోయింది. ఆ తర్వాత ట్రాక్టరుకి కట్టి టెక్కలి లాక్కొచ్చాను. తలుపు తీయబోతే కింది అంచు నువ్వుల జీడిలా విరిగి చేతిలోకి వచ్చింది.

చూసిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే, ఏం రంగు వేయిస్తావని. మేస్త్రి మాత్రం బండి కిందకి దూరి, పావుగంట తర్వాత ఒళ్ళంతా ఎర్రపొడితో బయటికొచ్చి, "తోలు తరవాత సూద్దుం బాబూ, ముందు ఎముకలున్నాయో లేదో సూడాల" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సగమే ఎక్కింది. పాత ఫోర్‌వీల్ బండి బాగుచేయించడంలో ఒక్కో పనీ విడిగా చూస్తే పెద్ద కష్టమేం కాదు, చిక్కంతా వరసలోనే ఉంటుంది. ఏది ముందో తేల్చుకోకపోతే చేసిన పనినే మళ్ళీ విప్పుకోవాలి. నేను మూడుసార్లు విప్పించాను.

బండి గురించి రెండు ముక్కలు. ఇది 1990ల తొలినాటి మహీంద్రా ఫోర్‌వీల్ పికప్, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే బండి. మహీంద్రా కంపెనీ 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలై, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే అమెరికా వాళ్ళ విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైన ఆ జీపు అస్థిపంజరమే, పైపై మార్పులతో, మన పల్లెల్లో దశాబ్దాల పాటు తిరిగింది. నిచ్చెనలాంటి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్ళు, వాటి మీద కమాన్ పట్టీలు. 1980లలో దానికి ప్యూజో వాళ్ళ 2112 సీసీ డీజిల్ ఇంజిన్ తోడైంది. డీజిల్‌లో 'డీ', ప్యూజోలో 'పీ' కలిపి దాన్ని 'డీపీ బండి' అంటారు. ఇందులో కంప్యూటర్లు, సెన్సర్లు లేవు. స్పానరుతో విప్పలేని భాగం దాదాపు లేదు. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మిలటరీ వేలంలో జబల్‌పూర్ జోంగా (మన సైన్యం వాడిన పాత జీపులాంటి బండి) కొనుక్కున్న మిత్రుడొకరు ఒక్కో సీల్ కోసం ఊళ్ళు తిరుగుతుంటే చూశాను కాబట్టి, ఈ చివరి మాట ఎంత ముఖ్యమో నాకు తెలుసు. బండి మీద ప్రేమ కన్నా ముందు విడిభాగాల షాపు చూసుకోవాలి.

ఉప్పు చేసిన పని

మావయ్య ఈ బండితో ఏడాదిలో కొన్ని నెలలు కొబ్బరికాయలు, మిగతా నెలలు నౌపడ మడుల నుంచి ఉప్పు తోలేవాడు. తుపానులో షెడ్డు కూలడం వల్ల టాపు నొక్కుకుపోయింది, అద్దం పగిలింది, అంతే. బండిని నిజంగా తినేసింది ఆ పాతికేళ్ళ ఉప్పే.

ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్ళూ కావాలి, ఆక్సిజనూ కావాలి. తడిసిన రేకు మీద ఒకచోట ఇనుము అణువులు ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోంచే పక్కచోటికి నడిచిపోయి అక్కడ ఆక్సిజన్‌ను కలుస్తాయి. అంటే ప్రతి తడిమచ్చా ఒక బుల్లి బ్యాటరీ. ఆ బ్యాటరీ పనిచేయాలంటే నీటిలో కూడా కరెంటు నడవాలి. వాననీటిలో అది నత్తనడక, ఉప్పునీటిలో పరుగు. పైగా ఉప్పు ఈ పనిలో ఖర్చయిపోదు. ఒకసారి రేకు గుంటల్లో కూర్చుంటే మళ్ళీ తేమ దొరికినప్పుడల్లా అదే పని చేస్తుంది.

"బండి ఎండలో ఆరిపోయింది కదా, తేమెక్కడిది?" అని నేనూ అడిగాను. జవాబు మన వంటింట్లోనే ఉంది. వానాకాలం కల్లుప్పు జాడీ అడుగున నీళ్ళు ఊరడం చూడని ఇల్లు లేదు. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరుగుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ ఉన్నా చాలు. మన తీరంలో గాలి అంత పొడిగా ఉండే రోజు ఎప్పుడొస్తుంది? ఉప్పు బస్తాలు మోసిన ఛాసిస్ మూలల్లో ఆ జాడీ ఏడాది పొడవునా చెమరుస్తూనే ఉంటుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియనిది, నా డబ్బు పోగొట్టింది, దీని తర్వాతి సంగతి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట, పుట్టీ కింద, రివెట్ తల కింద గాలి సరిగా తగలదు. గాలి తగలదు కాబట్టి అక్కడ తుప్పు తక్కువ ఉండాలి అనుకుంటాం. జరిగేది తిరగబడి ఉంటుంది. ఆక్సిజన్ దొరికే బయటి అంచుకు ఎలక్ట్రాన్లు పంపేది ఆ లోపలి ఇనుమే. బయట మచ్చ కనబడుతుంది, కరిగిపోయేది లోపల. అందులో క్లోరైడ్ కూడా చేరితే ఆ సందులోని తడి క్రమంగా ఆమ్లంగా మారి ఇంకా తింటుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఉబ్బి, రెండు రేకుల్ని గునపం పెట్టి పెకలించినట్టు విడదీస్తుంది. వరసగా నాలుగు రివెట్లు వాటంతట అవే తెగిన చోటు మా బండిలో ఉంది.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. టెక్కలి తెచ్చిన కొత్తలో, తొందరపడి, మేస్త్రి మాట పక్కనపెట్టి, పట్నంలో ఓ షెడ్డుకి అప్పగించాను. పేరెందుకు గానీ, వాళ్ళు పనిని అద్దంలా చేసి చేతికిచ్చారు. ఛాసిస్ పలచబడ్డ చోటల్లా పైన కొత్త ప్లేటు వేసి చుట్టూ వెల్డింగ్ కొట్టి, బ్లాక్ పెయింట్ పూశారు. లోపలి పాత తుప్పును తీయలేదు. కింది అంచున నీరు దిగే సందూ వదల్లేదు. పై అంచున వెల్డింగ్‌లో సూదిబెజ్జాలంత రంధ్రాలుండేవి. వాన నీరు లోపలికి పోయే దారి ఉంది, బయటికొచ్చే దారి లేదు. పదిహేను నెలల్లో ప్లేటు గచ్చకాయలా ఉబ్బింది. అదే మొదటి విప్పుడు.

అందుకని పరీక్ష ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను. సుత్తి, పాత స్క్రూడ్రైవరు, అయస్కాంతం ఉంటే చాలు. సుత్తితో ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఠంగుమంటుంది, తిన్నచోట డబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవాలి. మొహమాటం వద్దు, అది దిగిపోయే చోటయితే ఎలాగూ కోసేయాల్సిందే. అయస్కాంతం బాడీ మీద నడిపిస్తే పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. మా బండి ఎడమ తలుపు దాదాపు సగం పుట్టీయే. చూడాల్సిన చోట్లు కమాన్ షాకిళ్ళు తగిలించిన బ్రాకెట్లు, అడ్డబద్దీలు ఛాసిస్‌ను కలిసే మూలలు, బాడీ కూర్చునే రబ్బరు దిండ్ల కింద, తలుపుల అడుగు, తొట్టి అడుగు చెక్కలకీ ఇనుముకీ మధ్య. అన్నిటికీ ఉన్న పోలిక ఒకటే, మట్టి పేరుకుంటుంది, నీరు నిలుస్తుంది. ప్రతి ఛాసిస్‌కీ తలుపుకీ కంపెనీయే నీరు కారడానికి రంధ్రాలు పెడుతుంది. మట్టి మూసేసేదీ, పెయింటర్లు తెలియక పూడ్చేసేదీ వాటినే.

బ్లాస్టింగ్, వెల్డింగ్, ప్రైమర్

తుప్పు గోకడానికి ముందు బండిని మంచినీటితో ప్రెషర్ పెట్టి కడగాలి. ఒకసారి కాదు, ఎండబెట్టి మళ్ళీ మళ్ళీ. ఉప్పు బయటికి పోవాలి. ఉప్పు ఉండగానే బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుకలాంటి పలుకులు కొట్టి తుప్పు రాల్చడం) చేస్తే అది గుంటల్లోకి ఇంకా కూరుకుపోతుంది. పొద్దున వెండిలా మెరిసిన ఛాసిస్ సాయంత్రానికి పసుపు రాసినట్టు అయిపోతే లోపల ఉప్పు మిగిలిందనే అర్థం.

బ్లాస్టింగ్ అంటే చాలా చోట్ల మన ఏటి ఇసుకే గాలితో కొట్టేస్తారు. ఆ ఇసుకలోని సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. కాపర్ స్లాగ్ (రాగి కరిగించాక మిగిలే చిట్టెం) గానీ గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం గానీ వాడే చోటికి వెళ్ళాలి. గార్నెట్ అంటే అబ్బురపడక్కర్లేదు, కళింగపట్నం వైపు ఒడ్డున ఎర్రగా నల్లగా చారలు తేలే ఇసుకలో ఉండేది గార్నెట్, ఇల్మనైటే.

చిన్న భాగాలకు, అంటే బ్రాకెట్లు, హింజిలు, బోల్టులకు, నేను ఇంటి పెరట్లో డ్రమ్ము పెట్టుకుని కరెంటుతో తుప్పు తీశాను. నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి, తుప్పు భాగాన్ని బ్యాటరీ ఛార్జర్ మైనస్ వైరుకీ, ఓ పనికిరాని ఇనుప ముక్కను ప్లస్ వైరుకీ కట్టి ముంచడమే. ఒక రాత్రికి తుప్పు బురదలా ఊడొస్తుంది. ఇందులో మూడు హెచ్చరికలు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీటిలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఇదంతా ఆరుబయటే చేయాలి, లేచే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

షాపుల్లో అమ్మే రస్ట్ కన్వర్టర్ సీసా మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళు చాలామంది. అందులో ఎక్కువగా ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో. పలచగా, గట్టిగా అతుక్కున్న తుప్పును అది నల్లటి పొరగా మారుస్తుంది. పెచ్చులు లేచే తుప్పు మీద పూస్తే పై పెచ్చు నల్లబడుతుంది, కింద కథ మామూలే. వైరు బ్రష్ చేయాల్సిన పని ఏ సీసా చేయదు.

ఛాసిస్ వెల్డింగ్‌లో చూసుకోవాల్సింది ఏమిటంటే, ఛాసిస్ పొడుగుకి అడ్డంగా, పైనుంచి కిందికి తిన్నని గీతలా వెల్డింగ్ ఉండకూడదు. లోడు పడ్డప్పుడు ఛాసిస్ వంగేది ఆ దిశలోనే, వేడికి పెళుసుబారిన గీత వెంబడే అది చిట్లుతుంది. ప్యాచ్ ప్లేటు రెండు కొసలూ చేప మూతిలా కోసుకుంటే ఒత్తిడి ఒకే గీత మీద పడదు. పగులు ఉన్నచోట ముందు దాని కొసన చిన్న రంధ్రం వేసి ఆపాలి, లేకపోతే వెల్డింగ్ కింద కూడా పగులు పాకిపోతుంది. బాడీ రేకుకు మామూలు ఆర్క్ రాడ్డు పనికిరాదు, పలచటి రేకు కాలి బెజ్జం పడుతుంది. సీఓటూ వెల్డింగ్‌తో (కార్బన్ డయాక్సైడ్ వాయువు మధ్య సన్నటి తీగతో చేసేది) చుక్కచుక్కగా, ఒకచోట చల్లారేలోగా ఇంకోచోట వేసుకుంటూ పోతే రేకు వంకరపోదు. పనికి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉందని వెల్డింగ్ పెట్టడం మాత్రం ఆత్మహత్యే, లోపలుండే ఆవిరి చాలు.

ప్రైమర్ దగ్గర అందరూ రెడ్ ఆక్సైడ్ అంటారు. నా మాట వేరు. రెడ్ ఆక్సైడ్‌లోని ఎర్రరంగు కూడా ఐరన్ ఆక్సైడే. అది గాలినీ నీటినీ అడ్డుకునే పొర మాత్రమే, గీత పడితే దాని కింద ఇనుముకు దిక్కులేదు. జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ అలా కాదు. గీత పడ్డా ఇనుము బదులు జింకు తను కరుగుతుంది. ఇళ్ళ మీద జింకు రేకులు అన్నేళ్ళు ఆగేది అందుకే. అయితే అది శుభ్రమైన ఇనుము మీదే పట్టుకుంటుంది, బ్లాస్ట్ చేసిన ఛాసిస్‌కే తగింది. గోకిన బాడీకి ఎపాక్సీ ప్రైమర్ చాలు. ఛాసిస్ లోపలికి, తలుపుల లోపలికి, పైపు పెట్టి మైనం లాంటి కేవిటీ వ్యాక్స్ కొట్టాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసే పాత అలవాటు గురించి పోట్లాడను, మావయ్యా పూసేవాడు. కానీ అది మొదటి వానకే కడిగిపోతుంది, ఉన్నన్ని రోజులు దుమ్మును పట్టి ఉంచుతుంది, రబ్బరు బుష్షుల్ని ఉబ్బిస్తుంది.

పై రంగు గురించి చెప్పడానికేం లేదు. మీ ఇష్టం.

రెండు లివర్ల లెక్క

ఇప్పుడు నాలుగు చక్రాల సంగతి. ఈ బండిలో గేర్ రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి లివర్లు ఉంటాయి. చాలామందికి అవి అలంకారాలే. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో చిన్న పెట్టె ఉంటుంది, ఆ లివర్లు దానివి. ఒకటి ముందు యాక్సిల్‌కు శక్తి అందిస్తుంది లేదా ఆపేస్తుంది. రెండోది హై, న్యూట్రల్, లో. లోలో పెడితే చక్రాల వేగం దాదాపు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం అంతకంత పెరుగుతుంది. లో వేయాలంటే ముందు యాక్సిల్ కలిపి ఉండాలి. ఆ బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీదే పడితే షాఫ్టులు మెలితిరిగిపోతాయి.

తారురోడ్డు మీద ఫోర్‌వీల్ ఎందుకు వేయకూడదన్నది చాలామంది తప్పుగా చెబుతారు, డీజిల్ ఎక్కువ తాగుతుందని. అసలు సంగతి మలుపులో ఉంది. నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో ఎడ్లను గుంజ చుట్టూ తిప్పేవాళ్ళు గుర్తున్నారా? గుంజ పక్క ఎద్దు అడుగు వేస్తే చాలు, బయటి ఎద్దు పరుగెత్తాలి. బండి మలుపు తిరిగినప్పుడు ఎడమ కుడి చక్రాల మధ్య తేడాను డిఫరెన్షియల్ సర్దుతుంది. కానీ ముందు చక్రాలు వెనక వాటికన్నా పెద్ద వలయంలో తిరుగుతాయి, ముందుకీ వెనక్కీ మధ్య ఈ బండిలో డిఫరెన్షియల్ లేదు, రెండూ గట్టిగా కలిపేసి ఉంటాయి. బురదలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారదు. అప్పుడా మెలి గేర్లలో, ప్రొపెల్లర్ షాఫ్టులో పేరుకుని, చివరికి లివర్ బిగుసుకుపోతుంది, లేదా ఒక జాయింటు విరుగుతుంది. లివర్ రాకపోతే సుత్తి పట్టుకోకుండా, బండిని తిన్నగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే మెలి వీడి దానంతటదే వస్తుంది.

ఇంకో సంగతి ఏజెన్సీ వైపు తిరిగేవాళ్ళకు. సీతంపేట కొండల్లో గంటసేపు నడిపి, అలాగే వేడివేడిగా గెడ్డలో (వాగులో) దించితే యాక్సిల్ హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాక్కుంటుంది. పైన బ్రీదర్ అనే చిన్న గొట్టం తెరిచి ఉంటే గాలి లాగుతుంది. అది మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీటినే తాగుతుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వచ్చిందంటే అదే. మా బండి ముందు యాక్సిల్ బేరింగులన్నీ ఈ గొట్టం వల్లే పోయాయి. రబ్బరు పైపు తగిలించి ఆ బ్రీదర్‌ను బానెట్ ఎత్తుకు పెంచడం బండికి మీరు చేయగల అతి చవకైన అప్‌గ్రేడ్. అక్కర్లేనప్పుడు ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే లాకింగ్ హబ్బులు రెండోది. అవి లేకపోతే టూవీల్‌లో వెళ్తున్నా ముందు యాక్సిలంతా ఊరికే తిరుగుతూ అరుగుతుంటుంది.

ఒకటి మారిస్తే నాలుగు

అప్‌గ్రేడ్ అనగానే కుర్రాళ్ళు మొదట చూసేది టైర్లు. నేనూ కుర్రాణ్ణి కాకపోయినా అక్కడే మొదలెట్టాను. ఈ బండ్లకు పాతకాలపు 6.00-16 టైరు దాదాపు 29 అంగుళాల ఎత్తుంటుంది. నేను 31 అంగుళాలది వేయించాను. తేడా రెండే అంగుళాలు, అంటే 7 శాతం. ఆ 7 శాతం ఎక్కడెక్కడికి పాకిందో చూడండి.

టైరు పెద్దదయితే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, కాబట్టి మీటరు 60 చూపిస్తే బండి 64లో ఉంటుంది. గేరింగ్ మారిపోతుంది. డిఫరెన్షియల్‌లో పినియన్ అనే చిన్న పళ్ళచక్రానికి 8 పళ్ళు, క్రౌన్ అనే పెద్దదానికి 43 అయితే నిష్పత్తి 5.38, పెద్ద టైరుతో అది 5.0 లాగా పనిచేస్తుంది. రోడ్డు మీద హాయిగానే ఉంటుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆయాసపడుతుంది. ఒకవేళ మీ బండిలో 8, 39 పళ్ళ సెట్టు, అంటే 4.88, ఉంటే పెద్ద టైర్ల జోలికి పోవద్దు. ముందు, వెనక రెండు యాక్సిళ్ళలోనూ ఒకే నిష్పత్తి ఉండాలన్నది మరిచిపోకూడదు. పాత బండ్లలో ఎవరో ఎప్పుడో ఒకదాన్ని మార్చేసి ఉంటారు, ఫోర్‌వీల్ వేసిన రోజున తెలుస్తుంది.

తర్వాత స్టీరింగ్. వెడల్పు టైరు తిప్పడానికి భుజాలు పట్టేశాయి, పవర్ స్టీరింగ్ కావాలనిపించింది. ఆ స్టీరింగ్ బాక్సు కూర్చునేది ఛాసిస్ ముందు భాగం మీద. అక్కడ ఛాసిస్‌ను లోపలివైపు నుంచి బలపరచకపోతే కొన్నాళ్ళకు బోల్టు రంధ్రాల చుట్టూ చిట్లుతుంది. బలపరచాలంటే వెల్డింగ్, వెల్డింగ్ అంటే అప్పటికే వేసిన ప్రైమరూ పెయింటూ కాల్చేయడం. ఇది నేను రెండోసారి విప్పించిన సందర్భం. అందుకే ఛాసిస్ ఖాళీగా ఉన్నప్పుడే, పెయింటుకు ముందే, ఏ బాక్సు ఎక్కడ, ఏ బ్రాకెట్ ఎక్కడ అని సుద్దముక్కతో గీసుకోవాలి. పాత కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులు వదులుగా ఉంటే పెద్ద టైర్లతో 50 దాటగానే స్టీరింగ్ ఊగడం మొదలవుతుంది. ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వేసి ఆ ఊగుడును దాచేస్తారు కొందరు. బేరింగులు, వాటి వదులు సర్దే పలచటి రేకులు (షిమ్ములు) సరిచేశాక కూడా ఊగితేనే డ్యాంపర్ గురించి ఆలోచించాలి.

ఇక బ్రేకులు. వరసలో ఇవి టైర్ల కన్నా ముందుండాలి, నేను చివర్లో చేశాను. ఆ కాలపు బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, కొన్నిటిలో నాలుగింటికీ కలిపి ఒకటే ఆయిల్ దారి. ఎక్కడో ఒక పైపు తుప్పుకి చిట్లిందంటే పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. అందుకని డిస్కులు వేసినా వేయకపోయినా, ముందుకీ వెనక్కీ వేరువేరు గదులున్న మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) వేయించడం, లైన్లన్నీ కొత్తవి వేయించడం తప్పనిసరి అంటాను. బ్రేక్ ఆయిల్ కూడా మన ఉప్పులాంటిదే, గాలిలో తేమను లాక్కుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ దూదిలా అయిపోతుంది. రెండేళ్ళకోసారి మార్చడం పెద్ద ఖర్చేం కాదు.

ముందు డిస్కులు వేయాలనుకుంటే గొలుసు ఇంకా పొడుగవుతుంది. డ్రమ్ములో షూ కొంతవరకు తనంతట తానే డ్రమ్ముకు కరుచుకుంటుంది. డిస్కులో ప్యాడ్‌కు ఆ గుణం లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. అంటే కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. బూస్టర్ పనిచేసేది వ్యాక్యూమ్‌తో, అంటే గాలి లేని ఖాళీతో. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ గాలిని ఆపుతుంది కాబట్టి వ్యాక్యూమ్ ఊరికే దొరుకుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో ఆ థ్రాటిల్ ఉండదు. అందుకే డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్ వెనక చిన్న వ్యాక్యూమ్ పంపు బిగిస్తారు. దానికి ఇంజిన్ ఆయిల్ పైపు రావాలి, తిరిగిపోవాలి. ఒక్క డిస్కు జత కోసం ఆల్టర్నేటర్ మార్చాల్సి వచ్చిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఆ పనిలోనే మూడో విప్పుడు. డ్రమ్ము లైన్‌లో చిన్న ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా ఒక వాల్వు ఉంటుంది, చక్రం దగ్గరి సిలిండర్‌లోని రబ్బరు కప్పులు గాలి పీల్చకుండా. డిస్కు లైన్‌లో అంత ఒత్తిడి మిగిలితే ప్యాడ్లు డిస్కును వదలవు. పాత వాల్వు తీయకుండా డిస్కులు బిగించి ఇచ్చారు. టెక్కలి నుంచి పాతపట్నం వెళ్ళేలోగా ముందు చక్రాల నుంచి కాలిన వాసన, బండి లాగనంటుంది. దిగి రిమ్ము మీద నీటిచుక్క వేస్తే చుయ్యిమంది. మేస్త్రికి ఫోన్ చేస్తే నవ్వి, "బ్లీడింగ్ నట్టు కూసింత వదులు చేసి, మెల్లగా ఎనక్కి వొచ్చీ బాబూ" అన్నాడు. నట్టు కాస్త వదులు చేయగానే నిలిచిపోయిన ఒత్తిడి చిమ్మి, చక్రం వదిలింది. మళ్ళీ బిగించి, హ్యాండ్‌బ్రేకుని నమ్ముకుని ఫస్ట్ గేర్లో ఇల్లు చేరాను.

ఇంజిన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ బండిలో అతి తక్కువ ఇబ్బంది పెట్టింది అదే. ఏళ్ళ తరబడి నిలిచిన డీజిల్ ఇంజిన్‌ను బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టేయకూడదు. హీటర్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులాగి, పుల్లీ పట్టుకుని చేత్తో తిప్పాలి. తిరిగితే అదృష్టం. పాత డీజిల్ పారబోసి, ట్యాంకు కడిగి, నాజిళ్ళు, పంపు కాలిబ్రేషన్‌కి పంపాలి. కరెంటు విషయంలో వైర్ల కన్నా ఎర్త్‌నే అనుమానించండి. బాడీ ఇనుమే ఎర్త్ దారి, తుప్పు కరెంటును పోనివ్వదు. ఇంజిన్, ఛాసిస్, బాడీ మధ్య కొత్త ఎర్త్ పట్టీలు వేస్తే లైట్లు రెట్టింపు వెలుగుతాయి. తొట్టి మాత్రం లారీలకు పేరుపడ్డ సాలూరు వెళ్ళి కట్టించుకొచ్చాను. చెక్కకూ ఇనుముకూ మధ్య రబ్బరు ముక్కలు పెట్టమంటే అక్కడి మేస్త్రి వింతగా చూశాడు గానీ పెట్టాడు.

కాగితాలు ముందే చూడండి

ఇది చివర్లో రాస్తున్నా, చేయాల్సింది అన్నిటికన్నా ముందు. ఆర్‌సీ పుస్తకం తీసి చూడాలి. ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవాలి. తుప్పుతో ఆ నంబరు పలక పోయిందంటే వెల్డర్ దగ్గరికి కాదు, ముందు ఆర్టీఓ ఆఫీసుకే. ఏపీ 30 (శ్రీకాకుళం జిల్లా) ప్లేటుతో ఉన్న పికప్ గూడ్స్ బండిగా నమోదై ఉంటే, ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సొంత వాహనంగా ఉంటే రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అందుకే నేను ఇంజిన్ మార్చే ఆలోచన వదిలేశాను. 31 అంగుళాల టైర్లు కూడా తీసేసి పాత కొలతకే వచ్చాను, దాంతో మీటరూ గేరింగూ రెండూ సరిపోయాయి. వింటేజ్ నమోదు గురించి అడుగుతుంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అది 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని బండ్లకే. ఆ ప్లేటుతో రోజువారీ తిరగడానికీ, వ్యాపారానికీ వీల్లేదు. మన డీపీ బండ్లకు ఇంకా చాలా ఏళ్ళుంది.

బండి ఇప్పుడు నడుస్తోంది. మావయ్య ఎక్కి కూర్చుని, స్టీరింగ్ ఇంత తేలికేంటని అనుమానంగా చూశాడు. ఆ ఆదివారం పిల్లలు బారువ బీచికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాను, ఇసుకలోకి దించమని ఎంత ఏడ్చినా దించలేదు, సరుగుడు తోట పక్క రోడ్డు మీదే ఆపాను. ఇంటికొచ్చాక కింద పైపు పెట్టి కడిగితే, ఎడమ తలుపు అడుగున ఒక రంధ్రం నుంచి నీరు రావడం లేదు. సైకిల్ పుల్ల పెట్టి పొడిస్తే సరుగుడు ఆకు ముక్కొకటి, దాని వెనకే గుక్కెడు నీళ్ళూ బయటికొచ్చాయి. ఇప్పుడు ఆ పుల్ల డాష్‌బోర్డు అరలోనే ఉంటోంది.